వ్యాపార దాతృత్వం, సామాజిక బాధ్యత: సంస్థలకు చేకూరే మేలు

వ్యాపార సంస్థ తన లాభంలో కొంత సొమ్మును గానీ, సరుకును గానీ, ఉద్యోగుల సమయాన్నీ నైపుణ్యాన్నీ గానీ సమాజ హితానికి ఇవ్వడం వ్యాపార దాతృత్వం. కార్మికులు, కొనుగోలుదారులు, ముడిసరుకు అమ్మే రైతులు, ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లు, అక్కడి నీరు, గాలి, నేల విషయంలో సంస్థ జవాబుదారీగా నడుచుకోవడం సామాజిక బాధ్యత. మొదటిది రెండోదానిలో ఒక భాగం మాత్రమే. ఊరికి బడి కట్టించిన కంపెనీ అదే ఊరి చెరువులోకి మురుగు వదిలితే దానం చేసినట్టవుతుంది గానీ బాధ్యత తీరినట్టు కాదు.

దానం చేస్తే ఇచ్చినవారికి ఏమి ఒరుగుతుందని అడగడం కొందరికి ఇబ్బందిగా తోస్తుంది. వ్యక్తి తన సొంత సొమ్ము ఇచ్చినప్పుడు ఆ ప్రశ్న అక్కర్లేదు. కంపెనీ సొమ్ము మాత్రం దాన్ని నడిపే డైరెక్టర్లది కాదు, వాటాదారులది. ఇతరుల సొమ్ము ఖర్చు పెట్టేవారు ఆ ఖర్చు వల్ల సంస్థకు మేలు ఉందని చూపగలగాలి. నూట నలభై ఏళ్లుగా కోర్టులు, ఆర్థికవేత్తలు, చట్టసభలు ఈ ప్రశ్నను తిరగేస్తూనే ఉన్నారు. ఇంతవరకు తేలిందేమిటంటే మేలు ఉంది. అయితే అది ముందుగా నమ్మకం రూపంలో, నిదానంగా వస్తుంది. అసలు వ్యాపారం నిజాయతీగా నడిచే చోటే నిలుస్తుంది.

వర్తక శ్రేణుల నుంచి ఉక్కు కర్మాగారం దాకా

మధ్యయుగ దక్కన్‌లో అయ్యావళి ఐనూరు వంటి వర్తక శ్రేణులు తమ సరుకుల మీద తామే రుసుము విధించుకుని గుళ్లకు, ధర్మకార్యాలకు ఇచ్చేవి. దక్షిణాది శాసనాల్లో ఇలాంటి దానాలు అనేకం కనిపిస్తాయి. తమిళనాడు నాడార్ వర్తకులు ‘మహిమై’ పేరుతో ఇదే పద్ధతిలో నిధి కూడబెట్టి బడులు పెట్టారు. బజారు బిల్లుల మీద ‘ధర్మాదా’ పేరుతో కొద్ది మొత్తం వసూలు చేసి ధర్మకార్యాలకు విడిగా ఉంచే ఆచారం 20వ శతాబ్దంలోనూ సాగింది. ఆ మొత్తం వ్యాపారి ఆదాయం కిందికి రాదని 1970ల చివర బిజిలీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ దానాల్లో భక్తి ఉంది, పుణ్యం మీద ఆశ ఉంది, వ్యాపార ప్రయోజనమూ ఉంది. సూరత్ వర్తకుల మీద పరిశోధించిన డగ్లస్ హేన్స్ దీన్ని వివరంగా చూపించాడు. దానధర్మాలు చేసే ఇంటికి బజారులో పరువు పెరిగేది. పరువున్న ఇంటికి అప్పు సులువుగా పుట్టేది. పరపతి మీదే నడిచే వ్యాపారంలో అది చిన్న లాభం కాదు.

ఫ్యాక్టరీల కాలం వచ్చాక యజమానుల దృష్టి కార్మికుడి ఇంటి మీదికి మళ్లింది. స్కాట్లాండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లును 1800 నుంచి నడిపిన రాబర్ట్ ఓవెన్ చిన్నపిల్లలను పనిలోంచి తప్పించి బడికి పంపాడు, పని గంటలు తగ్గించాడు, చవక ధరల దుకాణం పెట్టాడు. మిల్లు లాభాల్లోనే నడిచింది. 1879లో క్యాడ్‌బరీ సోదరులు బర్మింగ్‌హామ్ నగరపు ఇరుకులోంచి బోర్న్‌విల్‌కు ఫ్యాక్టరీని తరలించారు. అక్కడ తోటలున్న ఇళ్లతో ఒక ఊరే వెలిసింది. సబ్బుల వ్యాపారి విలియం లీవర్ 1888లో తన కార్మికుల కోసం పోర్ట్ సన్‌లైట్ గ్రామం మొదలుపెట్టాడు. క్యాడ్‌బరీల వెనుక క్వేకర్ మత విశ్వాసం ఉన్న మాట నిజమే. ఆరోగ్యంగా ఉన్న మనిషి పని బాగా చేస్తాడన్న లెక్క కూడా అంతే నిజం. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

భారతదేశంలో ఈ ఆలోచనకు ప్రధాన ఉదాహరణ టాటా సంస్థలు. జంషెడ్జీ టాటా తన నాగపూర్ ఎంప్రెస్ మిల్లు కార్మికులకు పింఛను నిధి, ప్రమాద పరిహారం వంటివి 19వ శతాబ్దంలోనే ప్రవేశపెట్టాడు. 1892లో విదేశాల్లో చదివే భారతీయుల కోసం విద్యానిధి నెలకొల్పాడు. ఆయన తలపెట్టిన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆయన మరణానంతరం 1909లో ఏర్పడింది. 1907లో పుట్టిన ఉక్కు కంపెనీ 1912లో ఎనిమిది గంటల పనిదినాన్ని, 1915లో ఉచిత వైద్యాన్ని, 1920లో జీతంతో కూడిన సెలవును అమలు చేసింది. చట్టాలు వీటిని తప్పనిసరి చేయడానికి దశాబ్దాల ముందు సంగతి ఇది. దీనికి ప్రతిఫలం ఏమిటన్నది 1970ల చివర బయటపడింది. జనతా ప్రభుత్వ కాలంలో ఆ కంపెనీని జాతీయం చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు వద్దన్నవారిలో కార్మిక సంఘం కూడా ఉంది. ప్రైవేటు యజమానికి కార్మికులు అండగా నిలబడటం ఆ కాలపు రాజకీయాల్లో అరుదైన విషయం. నేటికీ గ్రూపు మాతృసంస్థ టాటా సన్స్ వాటాల్లో దాదాపు 66 శాతం దాతృత్వ ట్రస్టుల చేతిలో ఉంది. అక్కడ లాభం పెరిగితే ధర్మనిధి పెరుగుతుంది.

కోర్టుల్లోనూ పుస్తకాల్లోనూ సాగిన వాదం

కంపెనీ సొమ్ముతో దానం చేయవచ్చా అన్న విషయం మొదట కోర్టుల ముందుకొచ్చింది. ఐర్లాండ్‌లోని వెస్ట్ కార్క్ రైల్వే కంపెనీ తన ఆస్తిని మరో కంపెనీకి అప్పగించి మూతపడుతూ ఉద్యోగులకు, డైరెక్టర్లకు కొంత సొమ్ము ఇవ్వబోయింది. 1883లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఉదారంగా ఇవ్వడం తప్పని కోర్టు అనలేదు. ఇచ్చినదాని వల్ల కంపెనీకి మేలు జరగాలంది. మూతపడే కంపెనీకి ముందుకాలం లేదు కాబట్టి మేలు పొందే అవకాశమూ లేదు. ఈ తీర్పులోని తర్కం నేటికీ పనికొస్తుంది. కంపెనీ దానానికి అర్థం దాని రేపటిలో ఉంది. రేపు నడవాలనుకునే సంస్థకే ఈ ఖర్చు పెట్టుబడి అవుతుంది.

అమెరికాలో 1919 నాటి ఫోర్డ్ కేసు ఇంకో వైపు మొగ్గింది. లాభాలను వాటాదారులకు పంచకుండా వ్యాపార విస్తరణకు, కార్లు చవకగా అందించడానికి వాడతానన్న హెన్రీ ఫోర్డ్ వాదనను మిషిగన్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రత్యేక డివిడెండ్ చెల్లించమంది. 1935 పన్ను చట్టం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం దాకా విరాళమిస్తే పన్ను మినహాయింపు కల్పించడంతో వాతావరణం మారింది. 1953లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అమెరికాలో మాట దాదాపుగా తేలిపోయింది. నీటి గొట్టాల వాల్వులు, అగ్నిమాపక కుళాయిలు చేసే ఏ.పి. స్మిత్ కంపెనీ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి 1,500 డాలర్లు ఇచ్చింది. కొందరు వాటాదారులు దీన్ని సవాలు చేశారు. విశ్వవిద్యాలయాలు బాగుంటే చదువుకున్న పనివారు దొరుకుతారు, పరిశ్రమ బతికే సమాజం నిలుస్తుంది, కాబట్టి ఈ దానం కంపెనీ ప్రయోజనంలోకే వస్తుందని కోర్టు తేల్చింది.

అదే 1953లో హోవర్డ్ బోవెన్ వ్యాపారుల సామాజిక బాధ్యతల మీద రాసిన పుస్తకం ఈ అధ్యయన రంగానికి పునాది వేసింది. ఎదురు వాదన మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ది. చట్టానికీ పోటీ నియమాలకూ లోబడి లాభం పెంచడమే వ్యాపారానికున్న సామాజిక బాధ్యత అని ఆయన 1970లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాశాడు. మేనేజర్లు దానం చేయదలిస్తే తమ జేబులోంచి చేయాలి, వాటాదారుల సొమ్ముతో కాదన్నది ఆయన మాట. ఆ వ్యాసాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. ఊరికి సౌకర్యాలు కల్పిస్తే మంచి పనివారు దొరుకుతారన్న దృష్టితో కంపెనీ ఖర్చు పెట్టడం సబబేనని ఆయనా ఒప్పుకున్నాడు. దాన్ని దానమని పిలవవద్దన్నదే ఆయన అభ్యంతరం. తర్వాత 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ వాటాదారులతో పాటు కార్మికులు, కొనుగోలుదారులు, సరఫరాదారులు, స్థానికులు అందరూ సంస్థలో భాగస్వాములేనన్న సిద్ధాంతం ఇచ్చాడు. 2002 నుంచి మైకేల్ పోర్టర్, మార్క్ క్రేమర్ ఇంకాస్త ముందుకు వెళ్లారు. దానాన్ని నలుగురికీ తలాకొంచెం పంచడం కంటే తమ వ్యాపారం నడిచే పరిసరాలను బాగుచేసే పనులకు పెడితే సమాజానికీ సంస్థకూ ఒకేసారి మేలని వాదించారు.

భారత చట్టం

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. లాభంలో ఇంత శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని కంపెనీలకు చట్టంలోనే లెక్క కట్టిన తొలి దేశాల్లో భారత్ ఒకటి. నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, అంతకు మించి ఉన్న ప్రతి కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్‌ఆర్) ఖర్చు చేయాలి. ఏయే పనులు లెక్కలోకి వస్తాయో ఏడో షెడ్యూలు చెబుతుంది. కంపెనీ పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. తన ఉద్యోగులకే పరిమితమైన పనులు, రాజకీయ పార్టీల విరాళాలు, సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌లు లెక్కలోకి రావు. మొదట్లో ఖర్చు పెట్టకపోతే కారణం చెబితే సరిపోయేది. 2021 జనవరి నుంచి ఆ వెసులుబాటు పోయింది. మిగిలిన సొమ్మును నిర్ణీత నిధికి గానీ ప్రత్యేక ఖాతాకు గానీ మళ్లించాలి, లేకపోతే జరిమానా తప్పదు.

కంపెనీలు దీన్ని పన్ను తగ్గించుకోవడానికి చేస్తాయన్న అభిప్రాయం జనంలో బలంగా ఉంది. అది చాలావరకు పొరపాటు. సీఎస్‌ఆర్ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదని 2014లోనే ఆదాయపు పన్ను చట్టంలో వివరణ చేర్చారు. 2014-15లో దేశం మొత్తం మీద సుమారు 10 వేల కోట్ల రూపాయలున్న సీఎస్‌ఆర్ ఖర్చు 2021-22 నాటికి 26 వేల కోట్లు దాటింది. విద్య, వైద్యం ఎక్కువ భాగం అందుకుంటున్నాయి. పరిశ్రమలు ఎక్కువగా ఉన్న మహారాష్ట్ర వంటి రాష్ట్రాలకు ఎక్కువ సొమ్ము వెళ్తోంది, వెనుకబడిన జిల్లాలకు తక్కువ చేరుతోంది. స్థానిక ప్రాధాన్య నియమం వల్ల వచ్చిన లోటు ఇది. దీన్ని సవరించాల్సిన అవసరం ఉంది.

మేలు ఏ దారిన వస్తుంది

అన్నిటికన్నా గట్టి ప్రయోజనం ముడిసరుకు, సరఫరా విషయంలో కనిపిస్తుంది. భద్రాచలానికి గోదావరి అవతలి ఒడ్డున, సారపాకలో ఉన్న ఐటీసీ కాగితపు మిల్లు కథ దీనికి మంచి ఉదాహరణ. పరిశ్రమలు అడవి కలప మీద ఆధారపడకుండా రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని కావలసిన కలప పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. మిల్లు 1989 ప్రాంతంలో జామాయిల్ మొక్కల క్లోనింగ్ మీద పరిశోధన మొదలుపెట్టింది. దిగుబడి ఎక్కువగా ఉండే, తెగుళ్లను తట్టుకునే రకాలను ఎంపిక చేసి ‘భద్రాచలం క్లోన్లు’గా రైతులకు అందించింది. తర్వాతి కాలంలో చిన్న రైతులను, గిరిజన రైతులను ఊరూరా సంఘాలుగా చేర్చి మొక్కలు, పెట్టుబడి సాయం, సాగు సలహాలు ఇచ్చింది. ఖమ్మం, కృష్ణా, ప్రకాశం జిల్లాల మెట్టభూముల్లో జామాయిల్, సుబాబుల్ తోటలు పెరిగాయి. వర్షాధారం తప్ప వేరే దిక్కులేని నేలలో నాలుగేళ్లకోసారి సొమ్ము చేతికొచ్చే పంట దొరికింది. నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి రెండో కోతకు పెట్టుబడి తక్కువ. మిల్లుకు దగ్గర్లోనే కలప దొరికింది, దిగుమతి గుజ్జు మీద ఆధారం తగ్గింది.

ఇదే ఉదాహరణలో ఒక హెచ్చరిక కూడా ఉంది. కొనేది కొద్ది మిల్లులే కావడంతో ధర పడిపోయిన ఏళ్లలో ప్రకాశం జిల్లా సుబాబుల్, జామాయిల్ రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కారు. మొక్క ఇచ్చినందుకు పుట్టిన నమ్మకం కలప కొనేటప్పుడు ఇచ్చే ధరతోనే నిలుస్తుంది.

కొత్త గిరాకీ మరో దారి. హిందుస్తాన్ లీవర్ 2000-01 ప్రాంతంలో ‘శక్తి’ పథకాన్ని మొదలుపెట్టింది నల్గొండ జిల్లాలోనే. టోకు వ్యాపారి వ్యాను వెళ్లని చిన్న ఊళ్లలో స్వయంసహాయక సంఘాల మహిళలకు సబ్బులు, షాంపూ ప్యాకెట్లు అమ్మే పని అప్పగించింది. సంఘాల పొదుపు ఉద్యమం అప్పటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బలంగా ఉండటం ఈ ఎంపికకు కారణం. మహిళకు నెలనెలా కొంత ఆదాయం వచ్చింది, కంపెనీకి దుకాణం లేని ఊళ్లకు దారి దొరికింది. తర్వాత దేశమంతా విస్తరించిన ఈ పథకంలో మహిళల సంఖ్య లక్ష దాటింది. దాతృత్వంగా మొదలై వ్యాపారంగా ఎదిగినదానికి అరకు కాఫీ ఉదాహరణ. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు అంజిరెడ్డి వంటివారు 1998లో హైదరాబాద్‌లో నెలకొల్పిన నాంది ఫౌండేషన్ అరకు గిరిజన రైతులతో కలిసి పనిచేసింది. వారి కాఫీ మంచి ధరకు అమ్ముడయ్యే బ్రాండుగా ఎదిగి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచేదాకా వెళ్లింది.

కొనుగోలుదారుల ఆదరణ అందరికీ ముందుగా తట్టే ప్రయోజనం. 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ తన కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్త కార్డుకు ఒక డాలరు చొప్పున స్వేచ్ఛా ప్రతిమ మరమ్మతుకు ఇస్తామని ప్రకటించింది. 17 లక్షల డాలర్లు పోగయ్యాయి. కార్డు వాడకమూ కొత్త దరఖాస్తులూ గణనీయంగా పెరిగాయి. ఇలాంటి ప్రచారాలకు అదే నమూనా అయింది. అయితే ఈ మేలు అన్ని వ్యాపారాలకూ ఒకే రీతిన రాదు. సబ్బు, టీపొడి, బ్యాంకు ఖాతా వంటివాటిలో సరుకుల మధ్య తేడా తక్కువ. అక్కడ కంపెనీ పేరు కొనేవాడి మనసును అటో ఇటో మొగ్గిస్తుంది. ఇనుప ఖనిజం కొనే ఉక్కు మిల్లు మాత్రం ధర, నాణ్యత చూస్తుంది.

ఉద్యోగుల విషయంలో లాభం నిశ్శబ్దంగా వస్తుంది. మంచి పేరున్న చోట పనిచేయడానికి జనం ఇష్టపడతారు, అక్కడి నుంచి త్వరగా కదలరు. వెనెసా బర్బానో ఆన్‌లైన్ పనివారి మీద చేసిన ప్రయోగంలో యజమాని దాతృత్వం గురించి తెలిసినవారు తక్కువ వేతనం అడిగారు. దీన్ని వేతనాలు కోయడానికి సాకుగా వాడుకోవడం ఆ ఫలితాన్ని తలకిందులుగా అర్థం చేసుకోవడమే అవుతుంది. మనుషులు తమ పనిలో అర్థం వెతుక్కుంటారని, దానికి విలువ కడతారని అది చెబుతోంది. ఉద్యోగులు సొంతంగా సర్కారు బడుల్లో పాఠాలు చెప్పడం, రక్తదానం, చెరువుల శుభ్రత వంటి పనులు వేర్వేరు విభాగాల వారిని ఒకచోట చేర్చి సంస్థ లోపలి సంబంధాలనూ బాగుచేస్తాయి.

గని, ఫ్యాక్టరీ, ఓడరేవు, విమానాశ్రయం వంటివాటికి ప్రభుత్వ అనుమతితో పాటు స్థానికుల సమ్మతి కూడా కావాలి. అది లేకపోతే ఏమవుతుందో కేరళలోని ప్లాచిమడ చూపించింది. 2000లో మొదలైన కోకాకోలా బాట్లింగ్ ప్లాంటు తమ బావులను ఎండగడుతోందని, నీటిని చెడగొడుతోందని గ్రామస్థులు ఉద్యమించారు. పంచాయతీ లైసెన్సు పొడిగించలేదు. 2004లో ప్లాంటు మూతపడింది. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం విషయాన్ని 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలింది. 12 గ్రామసభలూ వద్దన్నాయి. ఆ బాక్సైట్ కోరిన వేదాంత సంస్థ ఆ ప్రాంతంలో చేపట్టిన సేవా కార్యక్రమాలు ఆ నిర్ణయాన్ని మార్చలేకపోయాయి. కొండను దైవంగా కొలిచే డోంగ్రియా కోందు గిరిజనులకు ఆస్పత్రి, బడి ఆ కొండకు బదులు కావు. స్థానికులకు నిజంగా కావలసినదేమిటో ముందుగా అడిగి తెలుసుకున్న చోటే సమ్మతి దొరుకుతుంది. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన జీఎంఆర్ సంస్థ చుట్టుపక్కల ఊళ్ల యువతకు పనులు నేర్పే శిక్షణ కేంద్రం నడపడంలో ఈ గ్రహింపు ఉంది. భూమి పోయిన కుటుంబానికి విరాళం కంటే పిల్లల ఉద్యోగం ముఖ్యం.

ఆపద వేళల్లో మంచి పేరు బీమాలా పనికొస్తుందని పాల్ గాడ్‌ఫ్రే 2005లో సిద్ధాంతీకరించాడు. ఇదివరకు మంచిగా నడుచుకున్న సంస్థలో ప్రమాదం జరిగితే జనం దాన్ని పొరపాటుగా చూస్తారు, ఆ పేరు లేని సంస్థలోనైతే దుర్బుద్ధిగా చూస్తారన్నది దాని సారం. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో విషం కలిపిన టైలెనాల్ క్యాప్సూళ్లు మింగి ఏడుగురు చనిపోయినప్పుడు వాటి తయారీ సంస్థ జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతటా సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి తీసుకుంది. 10 కోట్ల డాలర్లకు పైగా నష్టం భరించింది. సీలు తీస్తే తెలిసిపోయే కొత్త ప్యాకింగుతో మళ్లీ మార్కెట్‌లోకి వచ్చి పోయిన గిరాకీని చాలావరకు తిరిగి సంపాదించుకుంది. అక్కడ నిలబెట్టింది విరాళాలు కావు. నష్టం వచ్చినా కొనేవారి ప్రాణం ముఖ్యమన్న నడవడి.

పరిశోధనలు తేల్చినది

ఈ విషయం మీద వందలాది అధ్యయనాలు జరిగాయి. 2003లో ఆర్లిట్జ్‌కీ బృందం 52 అధ్యయనాలను కలిపి చూసి, సామాజిక బాధ్యతకూ లాభాలకూ అనుకూల సంబంధం ఉందని తేల్చింది. జాషువా మార్గోలిస్ బృందం ఇంకా ఎక్కువ అధ్యయనాలను పరిశీలించి, ఆ సంబంధం ఉన్నా చిన్నదేనంది. ఇక్కడ అసలు చిక్కు ఏది ముందు అన్నది. దానం చేసినందుకు లాభం వచ్చిందా, లాభం ఉంది కాబట్టి దానం చేశారా? అమెరికా కంపెనీల విరాళాలను పరిశీలించి బరూక్ లెవ్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ ముడి విప్పే ప్రయత్నం చేసింది. విరాళాలు తర్వాతి అమ్మకాల పెరుగుదలకు దారితీశాయని, నేరుగా వినియోగదారులకు అమ్మే కంపెనీల్లో ఈ ప్రభావం బలంగా ఉందని చూపింది. వాటాదారుల ఓటింగులో అత్తెసరు తేడాతో నెగ్గిన బాధ్యతా ప్రతిపాదనలను, అలాగే ఓడినవాటినీ కరోలిన్ ఫ్లామర్ 2015లో పోల్చింది. నెగ్గిన రోజున షేరు విలువ సగటున 1.77 శాతం పెరిగింది. 2008-09 ఆర్థిక సంక్షోభంలో సామాజిక బాధ్యతలో ముందున్న అమెరికా కంపెనీల షేర్లు మిగిలినవాటి కంటే 4 నుంచి 7 శాతం పాయింట్లు మెరుగైన రాబడి ఇచ్చాయని లిన్స్, సెర్వేస్, టమాయో 2017లో చూపారు. అందరి మీదా నమ్మకం సడలిన కాలంలో అంతకుముందు సంపాదించిన నమ్మకానికి విలువ పెరిగిందన్నమాట.

భారతదేశం ఇచ్చిన ఫలితం వేరు. 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చిన కంపెనీల షేర్ల విలువ సగటున 4.1 శాతం తగ్గిందని హరిఓం మంచిరాజు, శివరాం రాజగోపాల్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. ధమ్మిక ధర్మపాల, విక్రమాదిత్య ఖన్నా ఇంకో సంగతి గమనించారు. చట్టం వచ్చాక తక్కువ ఖర్చు పెట్టేవారు పెంచారు, అంతకుముందు 2 శాతానికి మించి ఇస్తున్న పెద్ద కంపెనీలు తగ్గించుకున్నాయి. కనీస మొత్తంగా పెట్టిన అంకె కొందరికి గరిష్ఠమైపోయింది. ఎవరు దేనికి ఎంత ఇవ్వాలన్నది సంస్థ తన వ్యాపారాన్ని బట్టి నిర్ణయించుకుంటే లాభం, బయటి నుంచి ఒకే అంకె విధిస్తే భారం అని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి. సమాజానికి జరిగిన మేలు వేరే లెక్క. షేరు ధరతో దాన్ని కొలవలేం.

దానం కాపాడలేనిది

తెలుగువారికి ఈ విషయంలో మరిచిపోలేని పాఠం హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్. ఆ సంస్థను నడిపిన కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్ నెలకొల్పి గోదావరి జిల్లాల పల్లెల్లో తాగునీటి శుద్ధి కేంద్రాలు, వైద్యం, చదువు కార్యక్రమాలు చేపట్టింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అత్యవసర సేవ వెనుక ఉన్నదీ ఆ కుటుంబమే. ఫోను చేసిన నిమిషాల్లో అంబులెన్సు రావడమన్నది పేదవాడికి అంతవరకు ఊహకందని విషయం. 2008లో సంస్థకు కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ పురస్కారం దక్కింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో 7,000 కోట్ల రూపాయలకు పైబడిన లెక్కల మోసం బయటపడింది. పురస్కారాన్ని వెనక్కి తీసుకున్నారు. షేరు ఒక్కరోజులో కుప్పకూలింది. సేవా కార్యక్రమాలు నిజమైనవే, వాటి వల్ల బతికినవారు నిజంగా బతికారు. అయినా ఆ మంచి పేరు వాటాదారులను గానీ కంపెనీని గానీ కాపాడలేదు. 108 సేవ మాత్రం నిలిచింది. ప్రభుత్వ భాగస్వామ్యం, శిక్షణ పొందిన సిబ్బంది, స్థిరమైన పద్ధతి ఉండటంతో జీవీకే సంస్థ 2009లో దాన్ని చేతిలోకి తీసుకుని కొనసాగించింది. సేవను దాత పేరు మీద కాక వ్యవస్థ మీద నిలబెట్టినందువల్లే అది మిగిలింది.

పనికంటే ప్రకటనకు ఎక్కువ ఖర్చు పెట్టడం మరో లోపం. లక్ష రూపాయల బల్లలు ఇచ్చి అంతకు మించి ఫ్లెక్సీలకూ సభకూ పెట్టే సంస్థకు వచ్చే పేరు ఆ సభతోనే ముగుస్తుంది. కాలుష్యం చేస్తూ పచ్చదనం ప్రచారం చేసుకునే కంపెనీల మీద కొనుగోలుదారులకు కలిగే కోపం, అసలేమీ చేయని కంపెనీల మీద కలిగేదానికంటే ఎక్కువ.

చిన్న వ్యాపారాలు

చట్టం పెద్ద కంపెనీలకే వర్తించినా ఈ ప్రయోజనం చిన్న దుకాణానికి ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. ఊళ్లో ఎరువుల వ్యాపారి, బట్టల దుకాణం, రైసుమిల్లు, మెడికల్ షాపు ఎవరిదో అందరికీ తెలుసు. వేసవిలో చలివేంద్రం, పరీక్షలకు ముందు బడిపిల్లలకు పుస్తకాలు, వరదప్పుడు బియ్యం ఇచ్చిన దుకాణం పేరు ఊరు గుర్తుపెట్టుకుంటుంది. ఇలాంటి వ్యాపారికి డబ్బు కంటే తన వృత్తి నైపుణ్యాన్ని ఇవ్వడమే ఎక్కువ పనికొస్తుంది. మెకానిక్ షెడ్డు ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పితే రేపు పనివారి కొరత తీరుతుంది. మందుల దుకాణం నెలకోసారి బీపీ, షుగరు పరీక్షలు చేయిస్తే అక్కడికి జనం రాకపోకలు పెరుగుతాయి. అన్నిటికీ ముందు తూకం సరిగా ఉండాలి. తూకంలో మోసం చేసే దుకాణం చలివేంద్రాన్ని జనం ఇట్టే పసిగడతారు.

లెక్క చూపడం

దాతృత్వ ఫలితాన్ని కొలవడం ఇప్పుడు ఈ రంగంలో ముఖ్యమైన పనిగా మారింది. సీఎస్‌ఆర్ బాధ్యత సగటున 10 కోట్ల రూపాయలు, అంతకు మించి ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టుల ప్రభావాన్ని బయటి సంస్థతో అంచనా వేయించాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. ఎన్ని మరుగుదొడ్లు కట్టారన్నది ఖర్చు లెక్క. ఎన్ని వాడుకలో ఉన్నాయన్నది ఫలితం. రెండో లెక్క చూపే సంస్థ మీదే పెట్టుబడిదారులకూ స్థానికులకూ గురి కుదురుతుంది. మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, ఉద్యోగులు, సమాజం విషయంలో తమ నడవడిని ఏటా నివేదించాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఆ నివేదికలను వాటాదారులతో పాటు ఎవరైనా చదవవచ్చు. ఫ్యాక్టరీ పక్కన ఉండే ఊరివారూ చదవాలి.